కర్రలు ఆరే గదిలో తాబేలు

సొరుగుల మేస్త్రీకి తడి అంటే పడదు. ఆయన చేసే పని అలాంటిది. తలుపులు చేసేవాడు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాడు. మంచాలు చేసేవాడికి అసలు ఆ బాధే లేదు. సొరుగులు చేసేవాడికి మాత్రం కర్రలో రవ్వంత చెమ్మ మిగిలినా చాలు, వానలు మొదలవగానే సొరుగు ఉబ్బి బల్లలో ఇరుక్కుపోతుంది. లాగితే పిడి ఊడి చేతికొస్తుంది గానీ సొరుగు రాదు. అప్పుడు కొన్నవాడు దుకాణం ముందుకొచ్చి నలుగురూ వినేలా మాట్లాడతాడు. మేస్త్రీ అలాంటి మాట ఏనాడూ పడలేదు. దుకాణం వెనక ఆయనకి చిన్న గది ఒకటి ఉంది. మూలన పొయ్యి పెట్టి, రంపపు పొట్టు వేసి, రోజంతా సన్నగా మండిస్తాడు. గోడల పొడుగునా చెక్కలు పేర్చి ఉంటాయి. ఆ గదిలో కాసేపు నిలబడితే పెదాలు ఎండిపోతాయి. చెక్కని చెవి దగ్గర పెట్టుకుని వేలిముడితో కొట్టి, మోగితేనే పనిలోకి తీసుకుంటాడు.

మాటల విషయంలోనూ అంతే పొదుపు. పక్క దుకాణంలో తాళాలు బాగుచేసే ఆయన, తుప్పు పట్టిన తాళం తీయడమైనా తేలికే గానీ మేస్త్రీ నోరు తెరిపించడం తన వల్ల కాదని అందరికీ చెప్పేవాడు. మేస్త్రీ అదీ విని ఊరుకునేవాడు.

తడి మీద ఆయనకి ఇంకో పగ కూడా ఉంది. ఒక్కగానొక్క చెల్లెల్ని లాండ్రీలో బాయిలర్ చూసుకునే మనిషికిచ్చి చేశారు. కాపురం ఆ లాండ్రీ వెనకే, ఒకే గదిలో. గోడకి అవతల ఉతికే తొట్లు, ఇవతల వీళ్ళ మంచం. ఎప్పుడు వెళ్ళినా ఆవిరే. గోడలకి చెమటలు కారుతుండేవి. అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు. ఆ గదిలో చెల్లెలికి దగ్గు పట్టుకుంది. మందులు వేసుకున్నన్నాళ్ళూ తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది. ఇల్లు మారమని మేస్త్రీ బావకి చెప్పాడు. మారుదాం బావా, మారుదాం అని బావ నవ్వుతూ చెప్పాడు. ఆయన ఏది చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు. అలా మారుదాం అంటుండగానే ఆమె కాస్తా పోయింది. డాక్టర్లు జబ్బుకి ఏదో పేరు పెట్టారు. చంపింది ఆ గోడలేనని మేస్త్రీ అనుకున్నాడు. ఆ మాట బావ మొహాన అనలేదు. అనకపోయేసరికి అది కడుపులోనే ఉండి గట్టిపడిపోయింది.

చెల్లెలు మంచం పట్టకముందు కూతురి కోసం రెండు తాబేలు పిల్లల్ని కొని తెచ్చింది. నీళ్ళలో ఉండే రకం కాదు, నేల మీద తిరుగుతూ ఆకులు మేసే రకం. రెండూ కలిపి ఒక్క అరచేతిలో పట్టేవి. డిప్పలు నున్నగా, నదిలో దొర్లిన గులకరాళ్ళలా ఉండేవి. ఒకటి ఎప్పుడూ రెండోదాని మీదికెక్కి కూర్చునేది. అందుకని పిల్ల పైదానికి మూత అనీ, కిందదానికి డబ్బా అనీ పేర్లు పెట్టింది.

అంతా అయిపోయాక మేస్త్రీ మేనకోడలిని తనతో తీసుకుపోతానన్నాడు. బావ కాదనలేదు. ఆడపిల్లని పెట్టుకుని ఈ తొట్ల మధ్య ఎక్కడ వేగను, కొన్నాళ్ళు నువ్వే చూడు అన్నాడు. పిల్ల బట్టలు మూట కట్టారు. డబ్బా దొరికింది, మూత దొరకలేదు. పైపుల కిందా, తొట్ల వెనకా, ఇస్త్రీ బల్లల కిందా వెతికారు. కనబడగానే పట్టుకొస్తాలే అని తండ్రి మాటిచ్చాడు. దారిపొడుగునా పిల్ల వెక్కుతూనే ఉంది. మూత ఏమైపోతుంది మామయ్యా అని అడిగింది. అబద్ధం చెప్పడం మేస్త్రీకి చేతకాదు.

“తడిలో ఏదీ బతకదమ్మా,” అన్నాడు.

పిల్ల ఆ మాట నమ్మింది. తర్వాత మూత గురించి అడగడం మానేసింది.

మేస్త్రీకి పెళ్ళి కాలేదు. చేసేవాళ్ళు లేక ఆగిన పెళ్ళి అలాగే ఆగిపోయింది. పిల్లని ఎలా పెంచాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. తనకి తెలిసిన పద్ధతిలోనే పెంచాడు. వానలో కాలు బయటపెట్టనిచ్చేవాడు కాదు. తలంటుకున్న రోజు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, జుట్టు చిటపటలాడేదాకా ఆరబెట్టేవాడు. దుప్పటి రోజూ ఎండలో వేసేవాడు. బడికి వెళ్ళేటప్పుడు బూట్లలో చెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూసేవాడు. మిగతా పిల్లలు ఏట్లో దిగి ఈత నేర్చుకుంటుంటే ఈ పిల్ల ఒడ్డున కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాసేది. దానికి దగ్గు రాలేదు. ఏడాదికేడాది గడిచేకొద్దీ తను చేస్తున్నది సరైనదేనని మేస్త్రీకి నమ్మకం గట్టిపడింది.

డబ్బాని అంతకన్నా జాగ్రత్తగా చూశాడు. లేత రంగు కర్రతో దానికో పెట్టె చేశాడు. మేకు కొట్టకుండా, మూలలు ఒకదాంట్లో ఒకటి కూర్చి బిగించాడు. చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టు అందులో పరిచాడు. ఆ పొట్టు చెమ్మని ఇట్టే పీల్చేస్తుంది. ఆ పెట్టెని తీసుకెళ్ళి ఇంట్లో అన్నిటికన్నా మంచి చోటనుకున్న కర్రలు ఆరే గదిలో, పొయ్యికి కాస్త ఎడంగా పెట్టాడు. నీళ్ళు చిన్న పళ్ళెంలో పోసి, తాగేదాకా నిలబడి, తాగగానే పళ్ళెం తీసేసి, కడుపు కింద గుడ్డతో తుడిచేవాడు. ఆకులు కడిగి, తడి పోయేదాకా ఆరబెట్టి వేసేవాడు. కోడిగుడ్డు పెంకులు నూరి ఆ పొడి ఆకుల మీద చల్లేవాడు. మధ్యాహ్నం కాసేపు దుకాణం ముందు ఎండలో పని బల్ల మీద కూర్చోబెట్టేవాడు. కన్నబిడ్డకైనా అంత చేస్తారా అని తాళాలాయన అడిగితే, కన్నబిడ్డ లేదుగా, ఎలా తెలుస్తుంది అని మేస్త్రీ అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది అదే.

తాబేలు డిప్ప ఒకే ముక్క కాదు. పైన పలకలు పలకలుగా ఉంటుంది. తాబేలు పెరుగుతున్నకొద్దీ ఒక్కో పలక చుట్టూ అంచున కొత్త గీత వచ్చి చేరుతుంది. ఇది మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కోసిన మానులో వలయాలు చూసినవాడు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇక్కడ వెడల్పుగా ఉంది చూడు, ఆకు బాగా దొరికిన కాలం, ఇక్కడ సన్నగా ఉంది, అప్పుడు సరిగా తినలేదు అని చూపించేవాడు. ఆ కాసేపు మాత్రం ఆయన నోటికి మాటలు అందేవి.

ఆ పలకలు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టాయి. మొదట వీపు మధ్యలో ఉన్న పలక గుబ్బలా తేలింది. తర్వాత దాని ముందుదీ వెనకదీ. ఆ తర్వాత పక్కలవి. పలకకో గుట్ట, గుట్టకీ గుట్టకీ నడుమ పల్లం. మేస్త్రీ వేలితో తడిమి చూసి, లోలోపల పొంగిపోయాడు. పాతకాలపు గొప్ప తలుపుల్లో మధ్యపలక తేలేలా చెక్కుతారు. ఆ పని చేతనైనవాళ్ళు ఇప్పుడు లేరు. తాబేలు వీపు మీద అలాంటి పనే కనిపించింది ఆయనకి. తాళాలాయన చూసి, నిజం చెప్పు, పడుకున్నప్పుడు ఉలితో చెక్కావు కదూ అన్నాడు. బేరానికొచ్చినవాళ్ళు కూడా తొంగిచూసి పోయేవారు. కొండల తాబేలు ఉన్న పిల్ల అని బడిలో మేనకోడలికి పేరొచ్చింది. మేస్త్రీ రోజూ పొడిగుడ్డతో ఒక్కో గుట్టనీ రుద్ది మెరుగు తెచ్చేవాడు.

డబ్బా పెద్దగా తిరిగేది కాదు. వెనక కాళ్ళు ఈడ్చినట్టు నడిచి, రెండడుగులేసి కూర్చునేది. అంత బరువు మోస్తోంది మరి అని ఆయన సరిపెట్టుకున్నాడు.

బావ అప్పుడప్పుడు చేతిలో ఏదో పొట్లంతో వచ్చి, కూతుర్ని నవ్వించి వెళ్ళేవాడు. ఒకసారి మాత్రం పొట్లంతో పాటు ఒక మనిషిని కూడా వెంటపెట్టుకొచ్చాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ. ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారట. మొహం ఎర్రగా కమిలి, చేతుల మీద పాత వాతలున్న మనిషి. లోపలికొచ్చి, కూర్చోమనేదాకా నిలబడి, బాగున్నావా అన్నయ్యా అంది. వరస అదే, ఆవిడ తప్పేం లేదు. ఆ పిలుపు విని మేస్త్రీ చేతిలో ఉలి కింద పెట్టేశాడు. ఆయన్ని అలా పిలిచిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది.

బావ సంగతి చెప్పాడు. లాండ్రీ మేడ మీద ఇంకో గది దొరికింది. పిల్లకి వేరే మంచం వేశారు. తన బిడ్డ తన దగ్గర పెరగాలని ఉంది. ఇన్నాళ్ళూ చూసినందుకు బావ రుణం తీరేది కాదు. చెప్పినంతసేపూ మేస్త్రీ బల్ల మీద పొట్టుని అరచేత్తో ఒక పక్కకి తోస్తూనే ఉన్నాడు.

“పిల్లని కూడా అడుగుదాం. దాని ఇష్టం కూడా చూడాలి కదా,” అంది ఇస్త్రీ ఆవిడ.

పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తండ్రి వైపు చూడలేదు, మామయ్య వైపు చూసింది. ఉండు అనే ఒక్క మాట ఆయన నోటినుంచి వస్తే చాలు. అడుక్కున్నట్టు ఉంటుందని ఆ మాట బయటికి రానివ్వలేదు. ఇన్నేళ్ళుగా గట్టిపడి ఉన్న ఇంకో మాట వచ్చేసింది.

“నీ దగ్గర వదిలేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను బావా. ఆ రెండో తాబేలు ఏది? బతికుంటే తీసుకురా. నేను పెంచినదాని పక్కన పెట్టు. పిల్ల చూసుకుంటుంది. చూసి, ఎవరి దగ్గర ఉండాలో అదే చెబుతుంది.”

పక్క దుకాణంలో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ అన్ని మాటలు ఒక్కసారిగా అనడం తాళాలాయన ఎన్నడూ వినలేదు.

“బిడ్డ సంగతి తాబేళ్ళతో తేలుద్దామంటావు,” అని బావ నవ్వబోయి, పూర్తిగా నవ్వలేక, “సరే బావా. ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకుతాను,” అన్నాడు.

ఉండదని మేస్త్రీకి గట్టి నమ్మకం. బావ చేతులూపుకుంటూ వస్తాడు, పిల్ల చూస్తుంది, అంతటితో సరి అనుకున్నాడు. ఆ వారమంతా డబ్బాకి రోజూ రెండుసార్లు మెరుగు పట్టాడు.

తర్వాతి సెలవు రోజున వాళ్ళిద్దరూ వచ్చారు. ఇస్త్రీ ఆవిడ చేతిలో తడిగుడ్డ కప్పిన బుట్ట ఉంది. గుడ్డ తీసి, మూతని పని బల్ల మీద పెట్టింది.

మొదట మేస్త్రీకి నవ్వొచ్చినంత పనైంది. అది డబ్బా కన్నా చిన్నది. గుట్టల్లేవు, మెరుగు లేదు, గోరంత ఎత్తు కూడా ఎక్కడా లేచి లేదు. గీతలు గీతలుగా, చదునుగా, బోర్లించిన గిన్నెలా ఉంది. ఇంకా చిత్రిక పట్టని చెక్కలా అనిపించింది ఆయనకి. పైగా డిప్ప మీద ఎండిన సబ్బు మరక ఒకటి. డబ్బాని తెచ్చి దాని పక్కన పెట్టి, చూడమన్నట్టు వెనక్కి తగ్గాడు.

కాసేపటికి మూత తల బయటపెట్టింది. నాలుగు కాళ్ళ మీద లేచి, కడుపు బల్లకి తగలకుండా, టకటకా నడిచింది. ఉలిని దాటింది, సుత్తిని చుట్టి వెళ్ళింది, బల్ల చివరిదాకా పోయి కింద పడబోతే పిల్ల పట్టుకుంది. మళ్ళీ మొదట్లో పెడితే మళ్ళీ నడిచింది. డబ్బా పెట్టినచోటే ఉంది. దానికీ వెళ్ళాలని ఉన్నట్టుంది. ముందు కాళ్ళు ఆడించింది, వెనకవి రాలేదు. డిప్ప అంచు బల్ల మీద రాసుకుని గీరుకుపోయిన చప్పుడైంది.

పిల్ల రెండింటినీ చెరో చేత్తో తడిమింది. ఈ చెయ్యి, ఆ చెయ్యి, మళ్ళీ ఈ చెయ్యి. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉండేవని దానికి గుర్తుంది. ఎప్పుడూ నవ్వే బావ నేల చూపులు చూశాడు.

“డబ్బాకి ఏమైంది మామయ్యా?” అంది పిల్ల.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నదీ పిల్లే. నలుగురూ కలిసే వెళ్ళారు. వీధి చివర మందుల వాసన కొట్టే గది. డాక్టరమ్మ డబ్బాని తిప్పి చూసి, కాళ్ళు లాగి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. మేస్త్రీ నోరు విప్పకముందే పిల్ల గడగడా చెప్పింది. ఆకులు, పెంకుల పొడి, ఎండ. డాక్టరమ్మ ప్రతి దానికీ తలూపుతూ, బాగా చూశారే, చాలామంది ఇంత చెయ్యరు అంది. మేస్త్రీ ప్రాణం కాస్త కుదుటపడింది. అప్పుడు, ఉంచేది ఎక్కడ అని అడిగింది. పిల్ల అదీ చెప్పింది, గొప్పగానే చెప్పింది. పొయ్యి ఉన్న గది, పొట్టు, పళ్ళెం తీసేసి గుడ్డతో తుడవడం. డాక్టరమ్మ తలూపడం ఆపేసింది.

ఆవిడ కోప్పడలేదు. తాబేలు పిల్లల డిప్పలో పెరిగే అంచు మెత్తగా ఉంటుందని చెప్పింది. గాలిలో చెమ్మ ఉంటే ఆ అంచు పక్కకి పరుచుకుంటుంది. గాలి మరీ పొడిగా ఉంటే పరుచుకునేలోపే బిగుసుకుని, కిందికి వంగి పెరుగుతుంది. అప్పుడు పాత పలక పైకి లేస్తుంది. పెరిగిన కొద్దీ అలా లేచి లేచి గుట్టలైపోతాయి. లోపలి ఎముక కూడా సరిగా కట్టలేదు, అందుకే కాళ్ళలో సత్తువ లేదు. గుట్టలు అందంగా ఉన్నాయని మురిసిపోయేవాళ్ళు చాలామందే ఉంటారట.

మేస్త్రీ ఒక మాట అడిగాడు.

“చెమ్మ తగిలితే వంకర పోతుంది కదండీ? కర్రయితే అంతే.”

“కర్ర మీ దగ్గరికొచ్చేసరికి చచ్చిపోయి ఉంటుంది కదండీ,” అంది డాక్టరమ్మ మెల్లగా. “ఇది ఇంకా పెరుగుతోంది.”

ఇది మళ్ళీ దిగిపోతుందా అని పిల్ల అడిగింది. లేచింది ఇక దిగదు, ఇకమీద వచ్చేది మాత్రం చదునుగా రావచ్చు, తేమగా ఉండే చోట పెట్టాలి, రోజూ కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టాలి అని చెప్పి, మూతని చేతిలోకి తీసుకుంది. ఇది ఎవరు పెంచారు, చక్కగా ఉంది అంది.

బావ గొంతు సవరించుకున్నాడు. బయటికొచ్చాకే చెప్పాడు.

“ఆ గొప్ప నాది కాదు బావా. నేను పెంచలేదు. దాన్ని మర్చిపోయాను, అంతే. కారే పైపు కింద మట్టిలో దూరి ఉండేదట. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు ఆకు వేసేవాళ్ళట. నువ్వు అడిగాక వెతికితే దొరికింది.”

ఓదార్పుగానే అన్నాడు. ఓడించాలని అని ఉంటే మేస్త్రీ తట్టుకునేవాడేమో. కంటికి రెప్పలా చూసినది గూనిదైపోయింది. మర్చిపోయినది చక్కగా పెరిగింది. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆయనకి అందలేదు.

వాళ్ళు మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. సాయంత్రం పిల్ల డబ్బాని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. చివరికి, దీన్ని అక్కడికి తీసుకెళ్తాను మామయ్యా, అక్కడ తేమ ఉంటుంది, నేను దగ్గరుండి చూసుకోవాలి కదా అంది. ఏ పనైనా నెత్తిన వేసుకున్నాక సగంలో వదలకూడదని, రోజూ ఒకే వేళకి చెయ్యాలని ఈ ఇంట్లోనే నేర్చుకున్న పిల్ల.

ఇక్కడే తడి చేద్దాం అని మేస్త్రీకి నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి ఆర్పేస్తే సరి. గదిలో తొట్టి పెడితే సరి. కానీ గోడల పొడుగునా ఆరుతున్న చెక్కలు కళ్ళ ముందు మెదిలాయి. సగం చేసిన బల్లలు మెదిలాయి. దుకాణం ముందు నిలబడి నలుగురూ వినేలా మాట్లాడే మనిషి మెదిలాడు. ఎంతోసేపు కాదు, చెక్క మోగిందో లేదో చూడటానికి పట్టేంతసేపు ఆగాడు. పిల్ల ఆ ఆగడం చూసింది. తల దించుకుంది.

“నీకు దగ్గు వస్తుంది అక్కడ,” అన్నాడు.

“మూతకి రాలేదుగా,” అంది పిల్ల.

అది ఎదురు చెప్పినట్టు లేదు. తెలిసింది చెప్పినట్టుంది. తడిలో ఏదీ బతకదని ఆయన చెప్పిన మాట ఆ పిల్ల ఇన్నేళ్ళూ నమ్మింది. ఆ మాట మేస్త్రీకీ గుర్తే.

వెళ్ళేలోగా ఆయన ఇంకో పెట్టె చేశాడు. నీళ్ళకి ఓర్చుకునే బరువైన కర్ర తెచ్చాడు. అడుగున రేకు తొడిగాడు. తడవడానికే ఒక వస్తువు చెయ్యడం ఆయన జన్మలో అదే మొదలు. పైన జరిపే మూత ఒకటి పెట్టాడు, ఒక్క వేలితో తోస్తే గాడిలో జారిపోయేలా. తాళాలాయన వచ్చి దాన్ని రెండుసార్లు జరిపి చూసి, ఇంత పని తాబేలుకా అన్నాడు. పిల్ల పెట్టె పట్టుకుని తండ్రి పక్కన నడిచి వెళ్ళింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఆయన దుకాణం ముందు నిలబడలేదు, లోపల పొయ్యిలో పొట్టు వేస్తున్నాడు. పొగ కళ్ళలో పడిందని చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

రమ్మని రెండు మూడుసార్లు కబురొచ్చింది. పని ఉందని చెప్పి పంపాడు. ఏడాది దాటాక, ఎక్కువ రోజులు తప్పించుకుంటే బాగుండదని వెళ్ళాడు.

లాండ్రీ ఏమీ మారలేదు. అదే ఆవిరి, అవే చెమటలు పట్టిన గోడలు. గుమ్మంలోనే ఆయన చొక్కా ఒంటికి అంటుకుంది. పిల్ల పొడుగైంది. జుట్టు తడితడిగా, వదులుగా అల్లుకుని ఉంది. చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, మామయ్యా, నాకు ఈత వచ్చేసింది అంది. ఇస్త్రీ ఆవిడ అన్నయ్యా అంటూ కుర్చీ వేసి టీ తెచ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ వేలు పెట్టడానికి సందు దొరకలేదు.

పిల్ల డబ్బాని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. కాళ్ళు గట్టిపడ్డాయి. ఒళ్ళోంచి దిగిపోవాలని తన్నుతోంది. గుట్టలు గుట్టలుగానే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒక్కో గుట్ట మొదట్లో మాత్రం చుట్టూరా సన్నటి కొత్త అంచు, లేత రంగులో, చదునుగా వచ్చింది. పిల్ల తన వేలిగోరుతో ఆ గీత వెంట చుట్టూ గీసి చూపించింది, ఒకప్పుడు ఆయన దానికి చూపించినట్టే.

“ఇదిగో, ఇక్కడిదాకా మీ ఇల్లు మామయ్యా. ఇక్కణ్ణించి మా ఇల్లు.”

ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. నోటికి అలా వచ్చింది, అన్నది. మేస్త్రీ తలూపాడు. గీత చాలా స్పష్టంగా ఉంది, గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది.

పెట్టె ఏదని అడిగాడు. తొట్ల పక్కన ఉంది, బాగానే పనికొస్తోంది. పైన జరిపే మూత మాత్రం వానాకాలం మొదట్లోనే ఉబ్బి గాడిలో ఇరుక్కుపోయిందట. బావ సుత్తితో కొట్టి ఊడదీశాడట. ఇప్పుడది ఇస్త్రీ ఆవిడ కాళ్ళ కింద ఉంది, తడి నేల మీద నిలబడకుండా. కర్ర విషయంలో ఆయన అనుకున్నది తప్పు కాదు. అది చెప్పుకోవడానికి మనిషి దొరకాలి.

ఇంకాసేపు కూర్చోమన్నారు. కూర్చున్నాడు. బావ కబుర్లు చెబుతున్నాడు, ఇస్త్రీ ఆవిడ నవ్వుతోంది, పిల్ల మధ్యలో ఏదో అంటోంది. మేస్త్రీ వాళ్ళ మాటలు వింటున్నట్టే ఉన్నాడు గానీ చెవి వేరేదాని మీద ఉంది. తను దేనికోసం కాచుకుని ఉన్నాడో ఆయనకి టీ సగం తాగాక తెలిసింది. తెలిసి గ్లాసు కింద పెట్టేశాడు. పిల్ల దగ్గుతుందేమోనని వింటున్నాడు. ఒక్కసారి, చిన్నగా అయినా సరే.

చీకటి పడకముందే లేచి వచ్చేశాడు. అప్పటిదాకా ఆ పిల్ల ఒక్కసారీ దగ్గలేదు.